రెండేళ్లుగా వాడుతున్న ఆక్సిజన్ జెల్ ట్రే: గుట్టంతా అంచులోనే

ఉమ్మిలో ఎరుపు కనపడకపోవడం ఎంత పెద్ద సంగతో చిగుళ్ల జబ్బు పడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. స్కేలింగ్ (పళ్ల మీద గార తీయడం), రూట్ ప్లానింగ్ (చిగురు కింద పంటి వేర్లు గీకి నున్నగా చేయడం) రెండూ అయ్యాక కూడా నాకు బ్రష్ పెడితే రక్తమే. అప్పుడు డాక్టరుగారు పళ్ల అచ్చు తీయించి, దానికి సరిపడా ట్రేలు చేయించి, 1.7 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్ ఇచ్చారు. రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు. మూడో వారానికి రక్తం ఆగింది. నోటి వాసన అంతకుముందే పోయింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ట్రే అంచు. ఊరికే పుక్కిలిస్తే మందు చిగురు కింద 5, 6 మిల్లీమీటర్ల లోతున్న సందుల్లోకి దిగదు. కాస్త దిగినా అక్కడ ఊరే ద్రవం బయటికి తోసేస్తుంది. ట్రే అంచు గట్టులా చిగురుని పట్టుకుని ఉంటే జెల్ లోపలే నిలిచి, విరిగి, ఆక్సిజన్ వదులుతుంది. ఆ సందుల్లో కాపురముండే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బాక్టీరియాకి ఆక్సిజన్ అస్సలు గిట్టదు.

ఏడాది హాయిగా గడిచింది. ఒకరోజు బాగా శుభ్రపడతాయని ట్రేలని కాగిన నీళ్లలో వేశాను. చూపుకి తేడా ఏం లేదు, పెట్టుకుంటే కుడివైపు కొంచెం వదులు. అలాగే మూడు నెలలు వాడాను. జెల్ కారి ఆ పక్క చిగురు తెల్లబడి చురుక్కుమనేది. మందు పనిచేస్తోంది కాబోలు అనుకున్నాను! బ్రష్‌కి రక్తం రావట్లేదు కదా అని చెకప్ కూడా వాయిదా వేశాను. తీరా వెళ్తే, వెనక దవడ పన్ను దగ్గర అంతకుముందు సందు లోతు 4 కి తగ్గిన చోటే, లోతు కొలిచే సన్నటి పుల్ల (ప్రోబ్) 6 మిల్లీమీటర్లు దిగింది. తగలగానే రక్తం. లోపల గార గట్టిపడిపోయింది. గారని ఏ ఆక్సిజనూ కరిగించదు, గీకి తీయాల్సిందే. ఆ కుర్చీలో నాకు ఏడుపొచ్చింది.

మొదట్లో "ఆక్సిజనే నా పళ్లు నిలబెట్టింది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడైతే, స్కేలింగ్‌తో వచ్చిన మేలుని చెడకుండా కాపాడింది అంటాను. పళ్లని పట్టి ఉంచే ఎముక అరిగింది అరిగినట్టే ఉంది. కొత్త ట్రేలు వచ్చాయి, చల్లనీళ్లతోనే కడుగుతున్నాను, మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను. నాకు షుగర్ లేదు, పొగ అలవాటు లేదు. ఆ రెండిట్లో ఏదున్నా ఇంత తొందరగా గుణం కనిపిస్తుందని చెప్పలేను. ఆ పన్ను దగ్గర లోతు ప్రస్తుతం 5 మిల్లీమీటర్లుంది. వచ్చే నెల మళ్లీ కొలుస్తారు.