ఉప్పునీటి ట్యాంకులో తగ్గే నీటికి చెంబు మేలా, ఫ్లోట్ మేలా, సెన్సార్ మేలా?

నౌపడ ఉప్పుమళ్ళు చూసినవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మడిలోకి సముద్రపు నీరు పెడతారు, ఎండ నీటిని పట్టుకుపోతుంది, ఉప్పు అడుగున మిగిలిపోతుంది. శ్రీకాకుళంలో మా హాల్లో సముద్రపు చేపల్ని పెంచే నాలుగడుగుల గాజు ట్యాంకులోనూ జరిగేది అదే. మడిలో ఉప్పు మిగిలితే పంట, ట్యాంకులో మిగిలితే తంటా.

"ఏట్రా, ఆ పెట్టి రోజుకి అన్నేసి సెంబులు తాగేస్తంది?" అని మా మామ్మ అడిగేది. నిజమే, ఫ్యాను తిరుగుతుంటే వేసవిలో మాది రోజుకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది. ట్యాంకూ, దాని కింది గాజు సంపూ కలిపి 240 లీటర్లు (సంప్ అంటే ఇంటి ముందు భూమిలో ఉండేది కాదు, ఇది స్టాండు లోపల ఉండే చిన్న తొట్టి, ట్యాంకు నీరు ఇందులోకి దిగి పంపుతో మళ్ళీ పైకి వెళ్తుంది). సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు లెక్కన అందులో ఎనిమిదిన్నర కిలోల దాకా ఉప్పుంటుంది. నీరు ఆవిరైనా ఆ ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి పోయినంత మంచినీరే పొయ్యాలి. కొత్తలో చాలామంది తగ్గిన నీటికి బదులు కళింగపట్నం నుంచి తెచ్చిన సముద్రపు నీరో, ఉప్పు కలిపిన నీరో పోస్తారు. అలా పోసిన ప్రతిసారీ ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. ఉప్పునీరు నీళ్ళు మార్చేటప్పుడే వాడాలి.

ఇక పోసే పద్ధతులు మూడు. నేను మూడూ చూశాను. ఏది ఎంత బాగా పనిచేస్తుందన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు, బాగున్న రోజు మూడూ బాగానే చేస్తాయి. చెడితే ఎంత చెడుతుందన్నదే నేను చూసేది.

చెంబుతో మొదలుపెట్టాను. సంపులో పంపు ఉండే గది గోడ మీద మార్కరుతో గీత గీసి, పంపు తిరుగుతున్నప్పుడు గీత వరకు పొయ్యడం. ఖర్చు లేదు, పైగా ఆ వంకన రోజూ చేపల ముఖం చూస్తాం. దీని జబ్బల్లా మన మతిమరుపు. ఒకసారి సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్ళి, చుట్టాల ఇళ్ళు తిరిగి అయిదో రోజున ఇంటికొచ్చాను. తలుపు తీయగానే గుర్రుమని చప్పుడు. సంపులో నీళ్ళు అడుగంటి పంపు గాలి పీలుస్తోంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో లీటరుకి 38 గ్రాములు చూపించింది. లెక్క సరిపోయింది: 240లో 20 లీటర్లు పోతే 35 కాస్తా 38 అవుతుంది. ఆ ఇరవై లీటర్లనీ ఒక్కసారే కుమ్మరిస్తే రొయ్యలకి, నత్తలకి ఇంకో దెబ్బ. అందుకని రెండు రోజుల పాటు పూటకి అయిదారు లీటర్లు పోస్తూ దించాను.

రెండోది ఫ్లోట్. ఎయిర్ కూలర్లో నీళ్ళు ఆపే బంతి లాంటిదే, చిన్న సైజు. సంపులో మట్టం తగ్గితే కిందికి జారి నీరు వదులుతుంది, నిండితే పైకి తేలి మూసుకుంటుంది. కరెంటుతో పనిలేదు. కానీ ఆ పైపు రెండో కొస ఎక్కడ తగిలించామన్నదాని మీదే అంతా ఉంది. మా బావ ఆర్వో నీళ్ళు మేడ మీద వేరే ట్యాంకులో పట్టుకుని, దాన్నుంచి నేరుగా పైపు దించాడు. ఉప్పు నీటి దగ్గర ప్రతి అంచునా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నత్తలు ఎక్కడికైనా పాకుతాయి. ఒక రాత్రి ఫ్లోటు కింద నత్త ఇరుక్కుని వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. తెల్లారేసరికి హాలంతా నీళ్ళు, ట్యాంకులో నీళ్ళు చప్పగా, రొయ్యలన్నీ పోయాయి. చేపలు మాత్రం బతికాయి.

అదే ఫ్లోటు 20 లీటర్ల క్యానుకి తగిలించామనుకోండి. వాల్వు పూర్తిగా ఇరుక్కుపోయినా ట్యాంకులోకి వచ్చేది ఆ ఇరవై లీటర్లే. 240కి 20 కలిస్తే ఉప్పు 35 నుంచి 32 దాకా దిగుతుంది. రొయ్యలకి ఇబ్బందే, కొంప మునగదు. సంపులో ఆ ఇరవై లీటర్లు పట్టే ఖాళీ ఉంచుకుంటే నేల కూడా తడవదు.

మూడోది సెన్సారూ చిన్న పంపూ ఉండే ఆటో టాపప్, అంటే తగ్గిన నీటిని క్యాను నుంచి తనంతట తోడి పోసేది. కొన్ని వేలు పెట్టాలి. మట్టం వెంట్రుకవాసి తగ్గినా పంపు తిరుగుతుంది కాబట్టి ఉప్పు కదలదు. నలభై లీటర్ల చిన్న ట్యాంకుల వాళ్ళకి ఇది నిజంగా ఉపయోగం, వాటిలో మూడు లీటర్లు తగ్గితేనే 38కి దగ్గరవుతుంది. కొంటే, ఇంత సేపటికి మించి పంపు తిరిగితే తనంతట ఆగిపోయే రకం కొనండి. బిగించేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. క్యానులో నీటి మట్టం కన్నా ట్యూబు కొస కిందికి ఉంటే, పంపు ఆగినా నీరు సైఫను కట్టి కారుతూనే ఉంటుంది. కొసని క్యాను మట్టం కన్నా ఎత్తులో, నీటికి తగలకుండా కట్టాలి.

పగడాలు పెంచేవాళ్ళు కొందరు ఈ టాపప్ నీటిలోనే సున్నపు తేట కలిపి కాల్షియం ఇస్తారు. పంపు ఆగకపోతే అప్పుడు చప్పదనమే కాదు, క్షారం కూడా ట్యాంకంతా పాకుతుంది. చిక్కటి సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది మరి. కిళ్ళీ సున్నంతో ఆ ప్రయోగం అసలే వద్దు.

కరెంటు పోతే సెన్సారు ఏమవుతుందని అడుగుతారు. ఏమీ కాదు. పెద్ద పంపు ఆగగానే పై ట్యాంకు నీరు కొంత సంపులోకి దిగి మట్టం పెరుగుతుంది, సెన్సారు ఊరుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో ఉన్నట్టు రోజుల తరబడి కరెంటు లేకపోతే చూసుకోవాల్సింది నీళ్ళకి గాలి ఎలా అందుతుందని. టాపప్ గోల ఆనక.

పద్ధతి ఏదైనా పోసే నీరు మంచిదవ్వాలి. 500 టీడీఎస్ (అంటే లీటరులో 500 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు) ఉన్న బోరు నీరు రోజుకి నాలుగు లీటర్లు పోస్తే నెలకి 60 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి, గాజు మీద గోధుమరంగు నాచు కడుతుంది. ఆర్వో నీరే నయం, అదీ పెన్ను లాంటి టీడీఎస్ మీటరుతో చూసుకుని. ఏసీ నుంచి కారే నీరు శుభ్రంగా కనిపిస్తుంది గానీ లోపలి రాగి గొట్టాల మీదుగా వస్తుంది. రొయ్యలకి, పగడాలకి రాగి విషం.

అసలు ఆవిరే కాకుండా మూత బిగిస్తే పోలా అంటారు. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. నాలుగు లీటర్లు పోయాయంటే రెండున్నర యూనిట్లకి పైగా కరెంటు కాలిస్తే పుట్టేంత వేడి పోయినట్టు. మే నెలలో మూత బిగిస్తే ఆ వేడంతా లోపలే. ఉక్కపోత రోజుల్లో ఫ్యాను పెట్టినా అంతగా చల్లబడదు, అప్పుడు చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) ఉన్నవాళ్ళది అదృష్టం.

నా మటుకు స్టూలు మీద 20 లీటర్ల క్యాను, దాన్నుంచి ఫ్లోటు. వారానికోసారి ఫ్లోటు ఊడదీసి వెనిగరులో నానబెడతాను. వేసవిలో అయిదు రోజులకి క్యాను ఖాళీ అవుతుంది. ఊరెళ్ళేముందు మాత్రం రెండో క్యాను నింపి స్టూలు పక్కన పెట్టి, తాళంచెవి పక్కింటి వదినకి ఇచ్చి వెళ్తాను.