కీప్ అంటే పెట్టడం కాదని నేర్పిన 350 రూపాయల పాత డిక్షనరీ

"మీ చేతికి కాన్యులా పెడతాను" అని పేషెంటుకు ఇంగ్లీషులో చెప్పాలి. కాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం. నేను "ఐ విల్ కీప్ ఎ కాన్యులా ఇన్ యువర్ హ్యాండ్" అన్నాను. విదేశాల్లో నర్సు ఉద్యోగాల పరీక్షకు మాకు కోచింగ్ ఇచ్చే మేడమ్ పేషెంటుగా కూర్చున్నారు. ఆమె ఒక్క క్షణం ఆగి, "ఎన్ని రోజులు ఉంచుతావమ్మా? ముందు పెట్టాలి కదా" అన్నారు. ఎనిమిదేళ్లుగా విజయవాడలో వార్డు డ్యూటీ చేస్తున్నాను. రోజూ వాడే మాట. అందులో తప్పేమిటో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

మా వార్డుల్లో అందరం అలాగే అంటాం. "సిస్టర్, కీప్ వన్ డ్రిప్", "కీప్ క్యాథెటర్" (మూత్రం గొట్టం), "కీప్ ద ఫైల్ హియర్". చెప్పేవాళ్లదీ వినేవాళ్లదీ తెలుగే కాబట్టి పని ఆగదు. కానీ విదేశాల్లో నర్సు ఉద్యోగాలకు రాసే ఓఈటీ పరీక్షలో స్పీకింగ్ అంటే రెండు రోల్ ప్లేలు, ఒక్కొక్కటి 5 నిమిషాలు. అక్కడ మాట తప్పితే మార్కులే పోతాయి. ఉద్యోగంలో చేరాక తప్పితే? "కీప్ ద క్యాథెటర్" అని హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు తర్వాతివాళ్లకు పేషెంట్లను అప్పగించేటప్పుడు, చెబితే అక్కడివాళ్లకు "ఉన్నది తీయకండి" అని వినిపిస్తుంది. మనం చెప్పాలనుకున్నది మాత్రం "కొత్తది వేయండి" అని. ఆ తేడా తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి తొమ్మిదో తరగతిలో కొన్న జేబు డిక్షనరీ తీశాను. కీప్ పక్కన "ఉంచు, పెట్టు, కాపాడు, పాటించు" అని నాలుగు మాటలు వరసగా ఉన్నాయి. ఏది ఎప్పుడో చెప్పలేదు. నేను ఇన్నేళ్లూ అందులోని రెండో మాటనే పట్టుకుని వేలాడానన్నమాట.

మేడమ్ చెప్పినదాన్నిబట్టి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొన్నాను. 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్. 500 చెప్పాడు, "అన్నా, నర్సుని, చదువుకోడానికే" అంటే 350కి ఇచ్చాడు. అట్ట చివర నలిగింది, లోపల ఎవరో ఎర్ర ఇంకుతో గీతలు గీశారు. పేజీలన్నీ ఉన్నాయి. ఆరు నెలలుగా వాడుతున్నాను. ఈ రివ్యూ ఆ కాపీ గురించే.

దీన్ని మొదలుపెట్టినది ఎ.ఎస్. హార్న్‌బీ. ఆయన జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. ఈ డిక్షనరీ మొదట 1942లో అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇది ఇంగ్లీషు ఇంటి భాషగా లేనివాళ్ల కోసం పుట్టిన పుస్తకం. పేజీ తెరిస్తే ఆ తేడా తెలుస్తుంది. అర్థాలు దాదాపుగా 3000 తేలిక మాటల్లోనే చెబుతారు. క్రియ పక్కన ఏం రావాలో, వస్తువా, మనిషా, ఐఎన్‌జీ మాటా అన్నది కూడా చూపిస్తారు. నాకు కావలసింది అదే.

కీప్ చాలా పెద్ద ఎంట్రీ. రెండు నైట్ డ్యూటీలు పట్టింది చదవడానికి. మొదట్లోనే కనిపించింది: ఒక స్థితిలో ఉండటం, లేదా ఉండేలా చేయడం. నా పని మాటలు తెచ్చి అందులో పెట్టి చూసుకున్నాను. "కీప్ యువర్ ఆర్మ్ స్టిల్": చెయ్యి కదపకుండా ఉంచండి. "కీప్ ద డ్రెస్సింగ్ డ్రై": కట్టు తడవకుండా చూసుకోండి. "కీప్ ద లెగ్ ఎలివేటెడ్": కాలు ఎత్తులోనే ఉంచండి. ఇవన్నీ సరైనవే, ఇవన్నీ నేను ముందునుంచీ అంటున్నవే. మరి కాన్యులా దగ్గర ఎందుకు తప్పింది? పెట్టడం ఒక నిమిషంలో అయిపోయే పని. అది పుట్, లేదా ఇన్సర్ట్. పెట్టిన తర్వాత మూడు రోజులు ఉంచితే, అది కీప్. మన భాషలో పెట్టు వేరు, ఉంచు వేరు. ఆ తేడా మనకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండిటినీ ఒకే మాటలో కలిపేశాం.

అప్పటినుంచి ఒక గుర్తు పెట్టుకున్నాను. తెలుగు వాక్యంలో "అలాగే" చేర్చి చూస్తాను. "అలాగే ఉంచు" అని కుదిరితే కీప్. ఫైలు టేబుల్ మీద ఇప్పుడు పెట్టాలా? పుట్. తీయకుండా అలాగే ఉంచాలా? కీప్. "తూనే ఉండు" అన్నా కీపే: "కీప్ బ్రీతింగ్" అంటే ఊపిరి తీసుకుంటూనే ఉండండి.

ఒక చోట మాత్రం నా గుర్తు సరిపోలేదు. "ఇన్సులిన్ ఎక్కడ పెడతారు?" అని పేషెంటును అడగాలంటే ఇంగ్లీషులో కీపే వాడాలి, "వేర్ డూ యూ కీప్ యువర్ ఇన్సులిన్?" అని. ఒక వస్తువుకు మామూలుగా ఉండే చోటు గురించి అడుగుతున్నాం కాబట్టి. ఇది డిక్షనరీలో విడిగా ఒక అర్థంగా ఇచ్చారు. చూడకపోతే, పెట్టు అంటే కీప్ కానే కాదనుకుని ఈసారి అటువైపు తప్పు చేసేదాన్ని.

కోచింగ్‌లో ఎవరూ చెప్పనివి కూడా దొరికాయి. "ఐ కాన్ట్ కీప్ ఎనీథింగ్ డౌన్" అంటే తిన్నది కడుపులో నిలవడం లేదు, వాంతి అయిపోతోందని. పేషెంటు ఇది అన్నప్పుడు నర్సుకు తెలియకపోతే ఎలా? ఇంకొకటి మా వదిన అనుభవంతో కలిసింది. వదిన ఐర్లాండ్‌లో నర్సు. చేరిన కొత్తలో ఒక ముసలాయన "హౌ ఆర్ యూ కీపింగ్?" అన్నాడట. తను ఏదో దాచిందని అడుగుతున్నాడేమోనని భయపడిందట. ఫోన్ చేసి, "వదినా, అది ఇందులో ఉంది. ఒంట్లో ఎలా ఉందని అడగడమే" అన్నాను. "నాకు అప్పుడు ఎవరు చెప్పారమ్మాయ్? నువ్వు వచ్చేముందే నేర్చుకో" అంది.

పెట్టు గురించి నా నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండింది. సంతకం పెడితే సైన్. అలారం పెడితే సెట్. టీ పెడితే మేక్. మీటింగ్ పెడితే హోల్డ్. స్టేటస్ పెడితే పోస్ట్. ఫోన్ పెట్టేస్తే హ్యాంగ్ అప్. ఇది డిక్షనరీలో ఉండదు, ఎందుకంటే అందులో తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు అర్థం చదివి, దాని తెలుగు మనమే రాసుకోవాలి. ఇంగ్లీషు వాక్యాలు ఇంకా కూడబలుక్కుని చదివేవాళ్లకు ఇది మొదటి పుస్తకంగా చెప్పను, మధ్యలోనే విసుగొస్తుంది. టెన్త్ దాటి, పేపర్లో ఒక పేరా అర్థమయ్యేవాళ్లయితే ధైర్యంగా కొనవచ్చు.

బరువు ఎక్కువ. బ్యాగ్‌లో వేసుకుని సిటీ బస్సులో తిరగలేం, అందుకే హాస్టల్ గదిలోనే ఉంచాను. డ్యూటీలో అనుమానం వస్తే ఫోన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల వెబ్‌సైట్ చూస్తాను. అది ఉచితం, బ్రిటిష్ ఉచ్చారణ, అమెరికన్ ఉచ్చారణ రెండూ వినిపిస్తుంది. అయినా కీప్ లాంటి పెద్ద మాటకు పుస్తకమే మేలనిపించింది. పేజీ మొత్తం కళ్లముందు ఉంటుంది, ఒక అర్థం నుంచి పక్కదానికి చూపు దానంతట అదే వెళ్తుంది.

కొత్త ఎడిషనే కావాలని పట్టుబట్టక్కర్లేదు. 2020లో పదోది వచ్చింది, డబ్బులుంటే తీసుకోండి. కీప్ కోసమైతే నా 2010 కాపీలో నాకు లోటేమీ కనిపించలేదు. పాతది కొనేటప్పుడు కె అక్షరం పేజీలు, చివరి పేజీలు చిరిగాయేమో అక్కడే తిరగేసి చూసుకోండి. నేను చూసిన మొదటి కాపీలో కె సగం లేదు.