పాత కారుకు ఈవో నంబరున్న ఎగ్జాస్ట్ హెడ్డర్లు: ఏడేళ్ల వాడకం తరువాత

నా కారు 1994 మోడల్. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. దాని అసలు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (అన్ని సిలిండర్ల పొగనూ ఒకే గొట్టంలోకి చేర్చే భాగం) నడిమి భాగంలో బీట వారింది. తెల్లవారి స్టార్టు చేసిన మొదటి ఐదు నిమిషాలూ టిక్ టిక్ మని చప్పుడు చేసి, వేడికి లోహం సాగి బీట మూసుకోగానే ఆ చప్పుడు సద్దుమణిగేది. కాలిఫోర్నియాలో ఇంత పాత కారుకు రెండేళ్లకొకసారి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) తప్పదు. 1975, అంతకు ముందు మోడళ్లకు మినహాయింపు ఉంది. 2000, ఆ తరువాతి మోడళ్లను ఎక్కువగా కారు కంప్యూటరు చూసే తేలుస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న నా కారును మాత్రం రోలర్ల మీద నడిపిస్తూ హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలుస్తారు, ఆపైన బానెట్ ఎత్తి భాగాలను కంటితో పరీక్షిస్తారు.

ఈ కంటి పరీక్షను నేను మొదట తేలికగా తీసుకున్నాను. అమ్మకందారు పేజీలో కాలిఫోర్నియాకూ సరిపోతుందని రాసి ఉండడం చూసి చవకైన హెడ్డరు (మ్యానిఫోల్డ్‌కు బదులు వేసే, సిలిండరుకొక పైపుతో చేసిన భాగం) ఒకటి కొని బిగించాను. పొగ కొలతలు మూడూ పరిమితికి చాలా దిగువనే వచ్చాయి, అయినా కారు ఫెయిలయింది. పరీక్షకుడు టార్చి వేసి హెడ్డరును ఇంజనుకు బిగించే పట్టీ, అంటే ఫ్లాంజ్, పొడవునా వెతికి, ఈవో నంబరు ఎక్కడుందని అడిగాడు; నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చూస్తే పెట్టె అడుగున చిన్న అక్షరాలతో, రోడ్డు మీద నడిపే వాహనాలకు కాదని ముద్రించి ఉంది.

ఈవో అంటే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డరు. ఉద్గార నియంత్రణ పరికరాలలో మార్పులను నిషేధించే వాహన చట్టం 27156వ సెక్షను నుంచి ఆ భాగానికి అది మినహాయింపు ఇస్తుంది. నంబరు సాధారణంగా 'డి' అక్షరంతో మొదలవుతుంది. అయితే నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ ఆర్డరు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ ఇంజనుకు వర్తిస్తుందో బోర్డు వెబ్‌సైటులో నంబరుతో వెతికి, అసలు పత్రం తెరిచి చదవాలి. నేను రెండోసారి ఎంచుకున్న హెడ్డరు చూడడానికి ఒకేలా ఉండే రెండు పార్టు నంబర్లతో అమ్ముడవుతోంది. నా మోడల్ సంవత్సరం వాటిలో ఒక్కదాని ఆర్డరులోనే ఉంది.

ఆకారం ఎంచుకునేటప్పుడు పొడవు పైపుల హెడ్డర్ల వైపు మనసు లాగడం సహజమే, కానీ అవి సాధారణంగా పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును వెనక్కి జరపమంటాయి. కన్వర్టరు గాని, దాని ముందున్న ఆక్సిజన్ సెన్సరు గాని అసలు స్థానంలోనే ఉండాలి కాబట్టి, చట్టానికి లోబడి నడిపేవారికి మిగిలేది పాత మ్యానిఫోల్డ్ స్థానంలోనే కూర్చునే పొట్టి హెడ్డరు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఇందులో న్యాయం ఉంది. కన్వర్టరు పని మొదలుపెట్టాలంటే సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇంజనుకు దూరమైన కొద్దీ ఆ వేడి అందడం ఆలస్యమవుతుంది, అంతసేపూ శుద్ధి కాని పొగే బయటికి పోతుంది.

ఏడేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ శ్రమపెట్టింది లీకు. సెన్సరుకు ముందు గ్యాస్కెట్ (అతుకులో పొగ బయటికి రాకుండా వేసే పలుచని పొర) దగ్గర సన్నని సందు ఉన్నా, రెండు పొగ తరంగాల మధ్య పీడనం పడిపోయిన క్షణంలో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సరు ఆ అదనపు ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటరు ఇంకా పెట్రోలు పోస్తుంది, హైడ్రోకార్బన్లూ కార్బన్ మోనాక్సైడూ పెరుగుతాయి. నాలుగో ఏట సరిగ్గా ఇదే జరిగింది. ఆరో సిలిండరు దగ్గర ఫ్లాంజ్ అంచున కాటుక పూసినట్టు సన్నని నల్లటి చార కనిపించింది. చల్లని ఇంజను మీద, పొగగొట్టంలోకి వాక్యూమ్ క్లీనరుతో గాలి ఊదుతూ సబ్బునీళ్లు చిలకరించాను. ఆ చార మీదే బుడగలు పొంగాయి.

తప్పు హెడ్డరుది కాదు, నేను బిగించిన తీరుది. ఈ ఇంజనులో ఇన్‌టేక్ (గాలి లోనికి వెళ్లే భాగం), ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకే గ్యాస్కెట్ మీద కూర్చుంటాయి, కొన్ని బోల్టులు రెంటినీ కలిపి పట్టుకుంటాయి. ఒకదాని ఫ్లాంజ్ మందం రెండోదానితో కొద్దిగా తేడాగా ఉన్నా వాషరు ఒక వైపే నొక్కుతుంది. ఈసారి స్టీల్ స్కేలు ఆనించి మందాలు సరిచూసి, కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్య నుంచి చివరలకు మూడు విడతలుగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాను. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూస్తే చివరి రెండు బోల్టులు కొంచెం తిరిగాయి. ఆ తరువాత నేటి వరకు లీకు లేదు.

లోహం విషయంలో నాది 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు. తుప్పు జాడ లేదు, రంగు మాత్రం బంగారు ఛాయ నుంచి నీలానికి మారింది. వేడికి ఇది మామూలు ఉక్కు కంటే ఒకటిన్నర రెట్లకు దగ్గరగా సాగుతుంది కాబట్టి, ఇంత పొడవైన ఇంజనుకు పైపుల మధ్య ముడతల గొట్టం ఉన్న రకాన్ని తీసుకోవడం మంచిదైంది. పాత మ్యానిఫోల్డ్ బీట వారిన చోటే ఇందులో ఆ ముడతలున్నాయి. ఇంజనును పట్టి ఉంచే అరిగిన మౌంట్లను కూడా అప్పుడే మార్చాను, లేకపోతే ఇంజను ఊగిసలాట బరువంతా పైపుల మీదే పడుతుంది. పైపులకు గుడ్డపట్టీ చుట్టమని సలహాలు వచ్చాయి, నేను చుట్టలేదు. అది తేమను పట్టి ఉంచుతుంది, పగులు వస్తే కంటికి కనపడనివ్వదు.

శక్తి మాటకు వస్తే, ఎత్తు రోడ్లలో మధ్య వేగాల దగ్గర లాగుడు కొంచెం మెరుగైందనిపించింది, మైలేజీ మారలేదు. బీట పోతే చాలుననుకునేవారు అసలు దానితో సమానమైన ప్రత్యామ్నాయ మ్యానిఫోల్డ్ కొనుక్కోవచ్చు. అచ్చంగా పాతదాని పనే చేసే భాగానికి ఈవో నంబరు అడగరు, ఖర్చూ తక్కువ.

ఈ హెడ్డరుతో స్మాగ్ చెక్ నాలుగుసార్లు పాసయింది. మూడోసారికి నంబరు స్టిక్కరు వేడికి గోధుమరంగుకు మాడి అక్షరాలు చదవరాకుండా పోయాయి. తయారీదారుకు రాస్తే కొత్తది పంపారు. దాన్ని ఈసారి వేడి తగలని రేడియేటరు పైపట్టీ మీద అంటించాను. ఆర్డరు ప్రతి ఒకటి, మా మోడల్ ఉన్న వరుసకు గీత గీసి, కారు కాగితాలతో పాటు డ్యాష్‌బోర్డు అరలో ఉంచాను, నాలుగోసారి పరీక్షకుడు అడిగింది ఆ కాగితాన్నే.