నీళ్లు తాగే లారీ, ఒక చేతి పంపు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా లారీ నీళ్లు తాగడం మొదలుపెట్టినప్పుడు, అంటే రేడియేటర్లో పోసిన నీళ్లు మాయమవుతున్నప్పుడు, కొన్నాను ఈ రేడియేటర్ ప్రెజర్ టెస్టర్. రేడియేటర్లో ఒత్తిడి పెట్టి, అది పడిపోతుందేమో చూసి లీకు పట్టే సామాను. 2019లో, విజయనగరంలో, మూడు వేల రెండొందలు. డబ్బా మీద కంపెనీ పేరు కూడా లేదు. లోపల ఒక చేతి పంపు, దాని మీద గేజి, మూరెడు గొట్టం, రేడియేటర్ మూతికి బిగించే ఆరు అడాప్టర్లు. ఆరింటిలో ఒక్కటీ మా 2001 మోడల్ బండికి పట్టలేదు. లేత్ షాపులో ఇత్తడి ముక్క తిప్పించి, రబ్బరు వాషరు వేయించాక గానీ పనికి రాలేదు. పాత బండి ఉన్నవాళ్లు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

మాది జయపురం. ఇంట్లో తెలుగు, గ్యారేజీలో ఒడియా. బండి కొరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం తిరుగుతుంది. దిగేటప్పుడు బియ్యమో జామాయిల్ కర్రో, వచ్చేటప్పుడు సిమెంటు. సాలూరు దాటి సుంకి ఘాట్‌లో లోడు మీద ఎక్కుతున్నంతసేపూ నా కన్ను టెంపరేచర్ ముల్లు మీదే.

పంపు చేతికొచ్చాక నేను ముందు పట్టుకున్న దొంగ ఇంజిన్లో లేదు, రేడియేటర్ మూతలో ఉంది. మూత 0.9 బార్ ఒత్తిడి దాకా పట్టాలని దాని మీదే ఉంది, పంపుతో చూస్తే 0.3 బార్‌కే వదిలేస్తోంది. కొరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తు. మూత ఒత్తిడి పట్టకపోతే అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత మార్చాక నీళ్లు పోవడం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది, పైగా బుడగలు వచ్చేవి. మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో కుతకుత. మేస్త్రీ ఒక చూపు చూసి, "హెడ్ గ్యాస్కెట్టే భాయి, దించేద్దాం" అన్నాడు. అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు పోయిందని.

చల్లటి ఇంజిన్ మీద 0.9 దాకా కొట్టి అరగంట కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. అంతమాత్రాన గ్యాస్కెట్ బాగుందని కాదు. సిలిండర్లో మండే గ్యాస్ ఒత్తిడి ముందు 0.9 బార్ ఏపాటి? గ్యాస్ నీళ్లలోకి తోసుకొచ్చే సందులోంచి నీళ్లు వెనక్కి దూరాలని ఏమీ లేదు. కానీ ఆ అరగంట ఊరికే కూర్చోవడం వల్ల ఇంకోటి తట్టింది. బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసర్ కూడా ఇంజిన్ నీళ్లతోనే చల్లబడుతుంది. దాని గ్యాస్కెట్ పోయినా గాలి వచ్చేది రేడియేటర్లోకే. కంప్రెసర్ నీటి గొట్టాలు రెండూ ఊడదీసి, ఇంజిన్ వైపు చివరలు ఒక పైపు ముక్కతో కలిపి, మూడు నిమిషాలు ఐడిలింగులో నడిపాం. బుడగలు ఆగిపోయాయి. హెడ్ మీద స్పానరు పడలేదు. పంపు డబ్బులు ఆ రోజే వచ్చేశాయి.

దాని అసలు పని మాత్రం 2022 వర్షాల్లో చూశాను. ట్రిప్పుకి రెండు లీటర్లు మాయం. బుడగల్లేవు, తెల్ల పొగ లేదు, బండి కింద తడి లేదు. ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకుండానే కొలిచే పుల్ల మీద పైకొస్తోంది. "పాణి కుఆడె జాఉఛి?" అని మేస్త్రీ తల గోక్కున్నాడు. నీళ్లెటు పోతున్నాయో నాకూ అంతుపట్టలేదు. పంపు కొడితే ఇరవై నిమిషాల్లో 0.9 కాస్తా 0.6 అయింది. బయట లీకు లేదు కాబట్టి లోపలే.

రాత్రంతా బండి కదపకుండా ఉంచి, తెల్లారి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేశాం. నీళ్లు బరువు కదా, అడుగున చేరతాయి. ఆయిల్ కంటే ముందు అవే కారాయి, అర గ్లాసు. అనుమానం తీరనివాళ్లు ఆ ఆయిల్ రెండు చుక్కలు కాలిన పెనం మీద వేసి చూడొచ్చు, నీళ్లుంటే చిటపటలాడుతుంది. పాత పెనం వాడండి, నేను ఇంట్లో మాట పడ్డాను. కొందరు మేస్త్రీలు నాలిక మీద వేసుకుని తీపి చూస్తారు. రేడియేటర్లో పోసే కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ విషం, ఆ పని మాత్రం చేయొద్దు.

ఇంజిన్ ఆయిల్‌ని నీళ్లతో చల్లబరిచే ఆయిల్ కూలర్ పోయినా నీళ్లు ఇలాగే ఆయిల్లో కలవొచ్చు. కాకపోతే బండి నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడే ఎక్కువ, కూలర్ పోయి ఉంటే రేడియేటర్లో జిడ్డు తేలేది. తేలలేదు. ఛాంబర్ దించి, కింద అట్టముక్కలు పరిచి, 0.9 కొట్టి పడుకున్నాం. పొద్దున ఐదో సిలిండర్ కింద అట్ట మీద మాత్రమే తడి. లైనర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, తీస్తే నీళ్లు ఆపే కింది ఓ రింగులు (రబ్బరు రింగులు) చితికిపోయాయి, బయటి గోడ మీద పుచ్చుపన్నులా గుంటలు. డీజిల్ ఇంజిన్ కొట్టుకుంటుంటే లైనర్ అదిరి, నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి పగిలి లోహాన్ని తొలుస్తాయి. ఘాట్‌లో వాగు నీళ్లు పోసిన ఏళ్లన్నీ అక్కడ కనబడ్డాయి. అప్పటినుంచి డీజిల్ లైనర్లకు సరిపోయే కూలెంట్ తప్ప పోయలేదు.

ఒక జాగ్రత్త. హెడ్ చిట్లి ఉంటే పంపు ఒత్తిడికి నీళ్లు సిలిండర్లో నిండొచ్చు. పంపు పెట్టి ఉంచాక నేరుగా సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ చిమ్మే నాజిళ్లు తీసి, ఇంజిన్ చేత్తో రెండు చుట్లు తిప్పాకే. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

దీంతోపాటు కొన్న నీలి ద్రవం కిట్టు మాత్రం దండగ అనిపించింది. రేడియేటర్లోకి పొగ గ్యాస్ వస్తే రంగు మారాలి. పెట్రోలు బండికి బాగానే పనిచేస్తుందట. డీజిల్ ఐడిలింగులో గాలి ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ, రంగు మారిందో లేదో కళ్లు చికిలించి చూడాలి.

నా తప్పు ఒకటి. లీకు త్వరగా బయటపడాలని ఒకసారి 1.5 బార్ కొట్టాను. రేడియేటర్ పై ట్యాంకు సోల్డరు విడిపోయింది. మూత మీద ఎంత రాసుంటే అంతే కొట్టాలి.

గొట్టం 2023లో క్లిప్పు దగ్గర పగిలింది, డీజిల్ పైపు ముక్కతో నడిపిస్తున్నాను. గేజి ముల్లు సున్నాకి రాదు, 0.1 దగ్గర ఆగుతుంది. అది తీసేసి లెక్కేసుకుంటాను. ప్రస్తుతం పంపు నా దగ్గర లేదు. పొట్టంగిలో మా బావ పట్టుకెళ్లి పదకొండు రోజులైంది, ఇత్తడి ముక్కతో సహా.