హోండా సిటీ: మా ఇంట్లో మూడు తరాలు, మూడు బళ్ళు

సిటీ కొనాలా వద్దా, పాతది తీసుకుంటే ఏ సంవత్సరంది మంచిది అని ఏడాదికి ముగ్గురు నలుగురైనా నన్ను అడుగుతుంటారు. మా ఇంటికి ఈ బండి ఒక జబ్బులా పట్టుకుంది మరి. తెనాలిలో నాన్న 2010లో కొత్తగా కొన్న మూడో తరం బండి ఇంకా తిరుగుతోంది. హైదరాబాద్‌లో నా దగ్గర 2017 మోడల్ నాలుగో తరం వీఎక్స్ మాన్యువల్ ఉంది, 2021లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. అదే ఏడాది విజయవాడలో మా బావ ఐదో తరం సీవీటీ (క్లచ్ లేని ఆటోమేటిక్) షోరూం నుంచి తెచ్చుకున్నాడు. మూడూ పెట్రోలే, మూడూ బాగా నడిపాను. అంటే కాలనీ చుట్టూ ఓ రౌండు కొట్టి వచ్చేయడం కాదు, సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, పిల్లల సైకిలు సర్దుకుని మూడొందల కిలోమీటర్లు పోవడం.

ముందే చెప్పేస్తున్నా, ఇంజిన్ మీద ప్రేమ ఉంటే మూడో తరం, జేబు చూసుకుంటే నాలుగో తరం, వెనక సీట్లో కూర్చునేవాళ్ళు ముఖ్యమైతే ఐదో తరం. ఇంట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే మాత్రం ఏదీ కొనకండి, లేదా కనీసం వాళ్ళని ఒకసారి ఎక్కించి దించి చూశాక కొనండి.

ఆ చివరి మాట అనుభవం మీద చెబుతున్నా. మా అమ్మకి డెబ్భై దాటాయి. నా బండి ఎక్కాలంటే ముందు వీపు లోపలికి పెట్టి కూర్చుంటుంది, తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. దిగేటప్పుడు ఓ చెయ్యి డోర్ మీద, ఓ చెయ్యి నా భుజం మీద. "ఇందులోంచి దిగడం కాదురా, బావిలోంచి పైకి ఎక్కినట్టుంది" అంటుంది ప్రతిసారీ. అదే అమ్మ బండి కదిలాక సూర్యాపేట దాకా హాయిగా నిద్రపోతుంది. పక్కింటివాళ్ళ ఎత్తు బండిలో ఎక్కడం సులువే, కానీ కూర్చుంటే నడుం నొప్పి అంటుంది. సెడాన్ సుఖం, సెడాన్ కష్టం రెండూ అక్కడే ఉన్నాయి.

సరే, తరాల సంగతి. మన దేశంలో సిటీ మొదట వచ్చింది 1998లో. ఆ తర్వాత 2003, 2008, 2014, 2020. మొదటి తరంలో వచ్చిన వీటెక్ 1.5ని ఇప్పటికీ ముచ్చటపడి బాగు చేయించుకుని ఉంచుకునేవాళ్ళున్నారు, అది వేరే పిచ్చి, ఇంటి అవసరానికి కొనే బండి కాదు. రెండో తరం, డాల్ఫిన్ సిటీ అంటారే, అది మొదట్లో 77 హార్స్‌పవర్ ఐ-డీఎస్ఐ ఇంజిన్‌తో వచ్చింది, సిలిండరుకి రెండేసి చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. పికప్ లేదని తిట్టినవాళ్ళే దాని మైలేజీ చూసి నోరు మూసుకున్నారు. కానీ ఇప్పుడవి పదిహేనేళ్ళు దాటిపోయాయి, లక్షకో లక్షన్నరకో వస్తోందని ఆశపడితే ఆర్సీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్, పార్టుల వేట అన్నీ వెంట వస్తాయి.

మూడో తరం 2008 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా 118 హార్స్‌పవర్ అయింది. నాన్న షోరూంలో సంతకం పెట్టేసి బయటికొచ్చాక తెలిసింది అందులో సీడీ ప్లేయర్ లేదని, యూఎస్‌బీ, ఆక్స్ మాత్రమే. ఘంటసాల సీడీలన్నీ పెట్టెలో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆయన. నెల రోజులు నాతో మాట్లాడలేదు, యూఎస్‌బీలోకి పాటలు ఎక్కించి ఇచ్చాకే కరుణించారు. ఆ ఇంజిన్ మాత్రం ఏం చెప్పను! మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు రెండో గేర్లో నాలుగు వేల ఆర్పీఎం దాటించి చూడండి, అప్పటిదాకా సాధువులా ఉన్న బండి గొంతు మార్చేస్తుంది. కాగితం మీద నాలుగో తరం ఇంజిన్‌దీ దాదాపు అదే బలం, 119. ఐదో తరంది 121. కానీ స్టీరింగు పట్టుకుంటే మూడూ మూడు రకాలు. నాన్న బండి పిలిస్తే పలుకుతుంది, నాది కాస్త ఆలోచించి పలుకుతుంది. బావ సీవీటీ అయితే ముందు అరుస్తుంది, ఆ తర్వాత కదులుతుంది. లారీని దాటేయాలని గట్టిగా తొక్కితే ముందు శబ్దం పెరుగుతుంది, వేగం దాని వెనక నింపాదిగా వస్తుంది. స్టీరింగు వెనక ఉన్న ప్యాడిల్ (గేరు మీట)తో ఓ స్టెప్పు దించి తొక్కడం అలవాటు చేసుకుంటే ఆ చిరాకు చాలావరకు పోతుంది. బావకి ఆ ప్యాడిల్స్ ఎందుకున్నాయో రెండేళ్ళ దాకా తెలీదు.

హైదరాబాద్ ట్రాఫిక్‌లో మాత్రం బావ బండే రాజు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి పోయి రావడంలో నా ఎడమ కాలు రోజుకి ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతుందో లెక్కపెట్టడం మానేశా. క్లచ్ ప్లేట్లు 86 వేల కిలోమీటర్లకి మార్చాల్సొచ్చింది, దానికి తప్పు బండిది కాదు, నాదీ, ఆ రోడ్డుదీ. నాన్న బండికి తెనాలి తిరుగుడులో లక్షా పది వేల దాకా మొదటి క్లచ్చే ఉంది.

మైలేజీ ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ లెక్కే రాస్తున్నా, మీటర్లో కనిపించేది కాదు. నాది హైదరాబాద్‌లో పదీ పదకొండు, విజయవాడ హైవే మీద 90 దాటకుండా పోతే పదిహేడు. నాన్నది ఊళ్ళో పన్నెండు, హైవే మీద పదహారు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఓ కిలోమీటరు తగ్గిందని ఆయన గోల, చిన్న నోటుబుక్కులో తేదీలతో సహా రాసి చూపిస్తారు కాబట్టి కాదనలేను. (2009 నుంచి తయారైన తమ బళ్ళలో భాగాలు ఈ20ని తట్టుకుంటాయని కంపెనీ చెప్పింది, అది చదివాకే ఆయన కాస్త నిద్రపోయారు.) బావది ఊళ్ళో పదకొండు, హైవే మీద పద్దెనిమిది పైనే. 2022లో వచ్చిన హైబ్రిడ్‌ని (పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారూ ఉండే సిటీ) ఓ స్నేహితుడి దగ్గర రెండు రోజులు తీసుకున్నా, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇరవై రెండు చూపించింది, నిజంగా అబ్బురమే. కానీ బ్యాటరీ వల్ల డిక్కీ 306 లీటర్లకి తగ్గిపోయింది, మామూలు దాంట్లో 506 కదా. మా ఇంటి సంక్రాంతి సామాను దాంట్లో పట్టదు, ఆవకాయ జాడీలు అమ్మ ఒళ్ళో పెట్టుకోవాల్సిందే.

ఇక కింద తగలడం. మూడు తరాల్లోనూ నాకు తీరని కంప్లైంట్ ఇదొక్కటే. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు దాటదు. ఇద్దరే ఉంటే ఏ ఇబ్బందీ లేదు, ఐదుగురు ఎక్కితే వెనక దిగిపోతుంది. తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా మంగళగిరి వచ్చే దారిలో ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు, వాటిలో సగం ఊరివాళ్ళు సొంతంగా పోసుకున్నవి. అక్కడ బండిని ఏటవాలుగా, ముందు ఓ చక్రం తర్వాత ఇంకో చక్రం ఎక్కించాలి, లేదంటే కింద నుంచి వచ్చే ఆ గర్రుమనే శబ్దానికి మన పళ్ళు జివ్వుమంటాయి. స్ప్రింగుల దగ్గర స్పేసర్లనే దిమ్మలు వేయించి ఎత్తు పెంచుకునేవాళ్ళున్నారు. మా మెకానిక్ మేస్త్రి వద్దన్నాడు, చక్రాలు తిప్పే డ్రైవ్ షాఫ్ట్ యాంగిల్ మారిపోతుంది అన్నా అని. నేను వేయించలేదు. గుంతల మీద సుఖం మాత్రం ఐదో తరంలో బాగా మెరుగుపడింది, నా బండిలో ధన్‌మని వచ్చేది దాంట్లో దబ్‌మని వస్తుంది. చిన్న తేడా అనుకోకండి, నడుముకి తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. నేను వెతికింది 2021 ఫిబ్రవరిలో, అంటే 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్ మునిగిన నాలుగు నెలలకి. ఓ కార్ కన్సల్టెన్సీలో తెల్ల సిటీ, 2016, నలభై వేలు తిరిగింది, ధర మార్కెట్ కంటే డెబ్భై వేలు తక్కువ. లోపల లావెండర్ సెంటు గుప్పుమంటోంది, అక్కడే మేస్త్రి ముక్కు ఎగబీల్చాడు. ఏం మాట్లాడకుండా డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరంటా బయటికి లాగాడు. మొదటి మూరెడు శుభ్రంగా ఉంది, ఆఖరి జానెడు మీద గోధుమ రంగు చార, గోరుతో గీకితే పొడిగా రాలింది. ఒండ్రు మట్టి. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంటలో కార్పెట్ ఎత్తితే అదే రంగు. అమ్మేవాడు "వాటర్ వాష్‌లో తడిసుంటుంది సార్" అన్నాడు. వాటర్ వాష్‌లో బెల్టు చివరంటా ఎవడు లాగుతాడు?

అప్పటినుంచి ఎవరికి చూపించడానికి వెళ్ళినా నేను మొదట చేసేది అదే. ఆ తర్వాత మీటర్ తిప్పారేమో చూడాలి. నలభై వేలే తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు, డ్రైవర్ సీటు అంచు కుంగిపోదు. డోర్ల రబ్బరు బీడింగు కాస్త లాగి చూస్తే లోపల కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా ఉండాలి, అవి కనిపించకుండా మెత్తి ఉంటే ఆ పక్క గుద్దించినట్టే. అద్దాల మీద సంవత్సరం కోడ్ అన్నిటికీ దగ్గరగా ఉందో లేదో చూడండి. పాత సిటీలు చాలావాటికి టకాటా కంపెనీ లోపమున్న ఎయిర్‌బ్యాగులు మార్చే రీకాల్ ఉంది, ఛాసిస్ నంబరు కంపెనీ సైట్లో కొడితే పని అయిందో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది, ఉచితంగా చేస్తారు, బద్ధకించకండి. ఇంకో కిటుకు: ఐదో తరం వచ్చాక కూడా నాలుగో తరాన్ని 2023 దాకా పక్కనే అమ్మారు. కాబట్టి ఆర్సీలో 2021 అని చూసి మురిసిపోయి ఐదో తరం ధర కట్టేయకండి. ఆంధ్రా నంబరు బండిని తెలంగాణకి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే ఆర్టీవో కాగితం)తో పాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి, బేరంలో ఆ లెక్క ముందే వేసుకోండి.

చివరికి నా బండి దొరికింది ఓ బ్యాంకు ఉద్యోగి దగ్గర, ఒకే ఓనరు, 41 వేలు, ఏడు లక్షల అరవై వేలు. ఇప్పుడు లక్షా పద్దెనిమిది వేలు. ఈ మధ్యలో క్లచ్ కాకుండా ముందు లింక్ రాడ్లు రెండుసార్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఒకసారి, బ్యాటరీ, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. ఇంజిన్ జోలికి ఆయిలూ ఫిల్టర్లూ తప్ప వెళ్ళలేదు, టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చూ లేదు. ఒకసారి ఓ సర్వీస్ సెంటర్లో ఆయిల్ మార్చమని ఇస్తే ఏసీ శుద్ధి, థ్రాటిల్ శుద్ధి, అండర్ బాడీ కోటింగ్ అని పద్నాలుగు వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నేను అడిగినవి తప్ప అన్నీ కొట్టేయిస్తే నాలుగున్నర వేలకి దిగింది. అప్పటినుంచి పెన్ను నా జేబులోనే ఉంటుంది.

నా బండిలో నచ్చనివీ ఉన్నాయి. టచ్ స్క్రీన్ పాత పద్ధతిది, ఫోన్ మ్యాపుని తెర మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో లేదు, ఆ మ్యాపు ఫోన్లోనే చూసుకోవాలి. ఏసీ బటన్లు కూడా టచ్ కావడం ఎవరి తెలివో గానీ, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా ఫ్యాన్ పెంచడం కుదరదు. ఐదో తరంలో మళ్ళీ తిప్పే నాబ్‌లు పెట్టారు, నాకైతే అదే పెద్ద అప్‌డేట్. ఎయిర్‌బ్యాగులు నా వేరియంట్‌లో రెండే. నాలుగో తరానికి 2022లో కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలొచ్చాయి, అదీ రెండు ఎయిర్‌బ్యాగులతోనే, కాస్త ధైర్యం. బడ్జెట్ ఉంటే 2017 తర్వాతి జెడ్ఎక్స్ అనే పై వేరియంట్ చూడండి, ఆరుంటాయి. డీజిల్ గురించి అడగొద్దు, నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాడికైతే సరే, క్యాబిన్‌లో ఆ శబ్దం నాకు పడదు.

కొత్తది కొనేవాళ్ళకి ఒక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారి, ఈ సైజు పెట్రోల్ బండి మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్నది 40కి దిగింది. దాంతో మూడేళ్ళ పాత ఐదో తరానికి చెప్పే ధరలు అర్థం లేనివిగా కనిపిస్తున్నాయి, గట్టిగా బేరమాడండి లేదా కొత్తదే తీసుకోండి. 2023 నుంచి వచ్చినవాటిలో చాలావాటికి కెమెరాతో లేన్ పట్టి నడిపే వ్యవస్థ ఉంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగుంటుంది, విజయవాడ హైవేలో చిల్లకల్లు టోల్ దాటాక ఎదురుగా రాంగ్ రూట్లో ట్రాక్టర్ వస్తే మాత్రం మన కళ్ళే దిక్కు. వేగం, పట్టు కావాలంటే స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ టర్బోలు ముందుంటాయి, ఒప్పుకుంటా. వెనక సీటు గురించి నలుగురి ఓటు తీసుకుంటే మా ఇంట్లో సిటీకే పడింది.

నాన్న బండికి నిరుడు పదిహేనేళ్ళు నిండాయి. ఓ బ్రోకర్ ఇంటికొచ్చి లక్షా నలభై ఇస్తానన్నాడు. నాన్న అతనికి కాఫీ ఇప్పించి, నోటుబుక్కు తెచ్చి పదిహేనేళ్ళ పెట్రోలు లెక్క చూపించి పంపేశారు. మర్నాడే రెన్యువల్ కాగితాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి బయల్దేరారు, ఆ బండిలోనే.