లేకాక్‌లో పిల్లలతో జియోకాషింగ్: ట్రెడిషనలా, మల్టీనా?

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన చిన్న డబ్బాని (దాన్నే కాష్ అంటారు) ఫోన్‌లో జీపీఎస్ పట్టుకుని వెతికే ఆట. దీనికోసం ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ వైపు లేకాక్ ఊరికి పిల్లలతో వెళ్దామనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: నేరుగా డబ్బా దగ్గరికి తీసుకెళ్లే ట్రెడిషనల్ కాషా, నాలుగైదు చోట్ల తిప్పే మల్టీనా?

ఖర్చు: జియోకాషింగ్ యాప్ ఉచితమే, కానీ కొన్ని కాష్‌లు అందులో డబ్బు కట్టే ప్రీమియం సభ్యులకే తెరుచుకుంటాయి. పార్కింగ్, ఊళ్లోని పాత మఠం (లేకాక్ ఆబీ) టికెట్ వేరే.

శ్రమ: ట్రెడిషనల్ అయితే జీపీఎస్ చూపిన చోట వెతికి, డబ్బాలోని లాగ్‌బుక్‌లో పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేయడమే.
మల్టీలో ఒక్కోచోట పలక మీది సంవత్సరమో, కిటికీల లెక్కో పట్టుకుని, ఆ అంకెలతో తర్వాతి చోటు అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టాలి.

రిస్క్: ట్రెడిషనల్‌లో మహా అయితే డబ్బా దొరకదు.
మల్టీలో ఒక్క అంకె చాలు. మా చిన్నాడు 3ని 8 అని చదివాడు, అది అక్షాంశం నిమిషాల్లో దశాంశం పక్క అంకె, అంటే 900 మీటర్ల పైనే తేడా, వానలో బురద పొలం గట్టున నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అయినా ఈ ఊరికి మల్టీయే సరిపోతుందని నా ఉద్దేశం. 1232లో కట్టడం మొదలైన మఠం, 14వ శతాబ్దపు ధాన్యపు కొట్టం, 1835లో ఫొటోగ్రఫీకి దారి వేసినవాళ్లలో ఒకడైన ఫాక్స్ టాల్బట్ ఫొటో నెగటివ్ తీసిన మఠం కిటికీ... ఊరికే చూడమంటే పిల్లలు చూస్తారా? అంకె కావాలంటే మాత్రం గోడకి మొహం ఆనించి మరీ చూస్తారు.

ఐదారేళ్ల లోపు పిల్లలున్నా, గంటే టైమున్నా, మబ్బు పట్టినా ట్రెడిషనల్. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు, సగం రోజు ఖాళీ ఉంటే మల్టీ. పెన్ను మాత్రం మర్చిపోకండి, డబ్బాలో ఉంటుందన్న గ్యారంటీ లేదు.