క్రూజ్, పోర్ట్ ట్రాన్స్‌ఫర్, షోర్ ట్రిప్ అన్నీ ఒకే ప్యాకేజీగా కొనేవారికి హెచ్చరిక

మధ్యధరా సముద్రంలో క్రూజ్ కోసం హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర మా కుటుంబం తీసుకున్న ప్యాకేజీలో, ఓడ ప్రయాణం తప్ప మిగతావేవీ చెప్పినట్టుగా జరగలేదు. విమానాశ్రయం నుంచి రేవుకు చేర్చాల్సిన వాహనం రాలేదు. ఒక రేవులో షోర్ ట్రిప్ (ఓడ ఆగిన చోట దిగి ఊరు చూసి వచ్చే యాత్ర) ముగించుకుని తిరిగి వచ్చేసరికి ఓడ ఎక్కే మెట్లు తీసేయడానికి సిబ్బంది సిద్ధమవుతున్నారు. మరో రేవులో అసలు అవసరమే లేని సేవకు డబ్బు తీసుకున్నారని అక్కడ దిగాక తెలిసింది. వ్యవహారం ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల ఆ ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా ఈ పద్ధతిలో ప్యాకేజీలు అమ్మేది వారొక్కరే కాదు. పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని ఇలాంటి యాత్రకు వెళ్లబోయేవారు బ్యాలెన్స్ సొమ్ము కట్టకముందే ఇది చదవాలన్నది నా కోరిక.

ఏజెంటు మనకు ఒకే మొత్తం చెప్పి, ఒకే బ్రోచర్ చేతిలో పెట్టినా, దాని వెనుక సాధారణంగా మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. ఓడలో గది క్రూజ్ కంపెనీది, ట్రాన్స్‌ఫర్ ఆ ఊళ్లోని ఏదో వాహనాల సంస్థది, షోర్ ట్రిప్ ఇంకొక స్థానిక ఆపరేటర్‌ది. క్రూజ్ కంపెనీ తానే స్వయంగా నడిపించే షోర్ ట్రిప్ ఆలస్యమైతే ఓడ ఆ బస్సు కోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే ఆ ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు కంపెనీయే చూసుకుంటుంది. బయటి ఆపరేటర్‌తో వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకు విమానమో రైలో పట్టుకుని సొంత ఖర్చుతో చేరుకోవాల్సిందే. ఇంత ముఖ్యమైన తేడా కాబట్టే మేము డబ్బు కట్టేముందు ఈ ప్రశ్న సూటిగా అడిగాము. బ్రోచర్‌లో క్రూజ్ కంపెనీ లోగో పక్కనే షోర్ ట్రిప్పుల జాబితా వేసి ఉంది. “ఇవి షిప్ వాళ్లు నడిపే ట్రిప్పులేనా?” అని వాట్సాప్‌లో అడిగితే “అవును సార్, అంతా క్రూజ్‌లో కలిపే ఉంటుంది, మీరు నిశ్చింతగా ఉండండి” అని జవాబు వచ్చింది. ఆ సందేశం ఇప్పుడు మా ఫిర్యాదుకు జతచేసిన పత్రాలలో ఒకటి.

రేవుల పేర్ల విషయంలో కూడా బ్రోచర్లు కొనేవారిని పక్కదారి పట్టిస్తాయి. “రోమ్” అని పెద్ద అక్షరాలతో వేసిన చోట ఓడ నిజంగా ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ నగరం మధ్యకు 70 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. “ఫ్లోరెన్స్” అంటే లివోర్నో రేవు. ఫ్లోరెన్స్ అక్కడికి దాదాపు 90 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటే గంటన్నర. ఉత్తర యూరప్‌లో తిరిగే ఓడలకు “పారిస్” అని రాస్తే అది లే ఆవ్ర్ రేవు, పారిస్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. ఓడ పొద్దున ఏడింటికి ఆగి సాయంత్రం ఆరున్నరకు బయల్దేరితే, దిగడానికి, ఎక్కడానికి, రోడ్డుకు పోయే సమయం తీసేశాక ఊళ్లో మిగిలేది నాలుగైదు గంటలే. ఆ నాలుగైదు గంటల్లో “ఫ్లోరెన్స్, పీసా, టస్కనీ ద్రాక్షతోటలు” అన్నీ చూపిస్తామన్న కాగితం కనిపిస్తే ఆ జాబితా తయారుచేసిన వ్యక్తి ఆ దారిలో ఎప్పుడూ ప్రయాణించలేదని అనుకోవచ్చు.

మా యాత్ర చివితావెక్కియా నుంచే మొదలు కావాలి. రోమ్ ఫ్యూమిచినో విమానాశ్రయంలో మధ్యాహ్నం పన్నెండున్నరకు వాహనం సిద్ధంగా ఉంటుందని వోచర్‌లో ఉంది, అయితే వాహనాల సంస్థ పేరు లేదు, ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉంది. ఆ నంబరు ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే “డ్రైవర్ దారిలో ఉన్నాడు” అన్నారు, మళ్లీ చేస్తే “లోకల్ టీమ్‌తో మాట్లాడుతున్నాం” అన్నారు. చివరికి ఇటలీ నుంచే ఒకరు తిరిగి ఫోన్ చేసి, తమకు డబ్బు అందనందువల్ల ఆ బుకింగ్ ముందురోజే రద్దయిపోయిందని మర్యాదగానే చెప్పారు. చాలా క్రూజ్ కంపెనీలు ఓడ కదలడానికి 60 నుంచి 90 నిమిషాల ముందే చెక్-ఇన్ మూసేస్తాయి; ఆ తర్వాత చేరితే టికెట్ చేతిలో ఉన్నా ఎక్కనివ్వరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో, పెద్ద సూట్‌కేసులతో, ప్యాకేజీలో ఆ ట్రాన్స్‌ఫర్‌కు చూపిన మొత్తానికి మూడింతలు చెల్లించి టాక్సీలో వెళ్లాము. సామాను తక్కువగా ఉండి, సమయం చేతిలో ఉన్నవారికి అక్కడ రైలు మంచి మార్గం: ఫ్యూమిచినో నుంచి రోమ్‌లోని ట్రస్తేవరె స్టేషన్‌కు వచ్చి, అక్కడ చివితావెక్కియా వెళ్లే రైలు మారవచ్చు. ఓడ బయల్దేరే రోజునే విమానం దిగేలా టికెట్లు వేసే ఏజెంటు మీకు ఏ మేలూ చేయడం లేదు. ఒక రాత్రి ముందుగా చేరి రోమ్‌లోనో, చివితావెక్కియాలోనో ఉండేలా టికెట్లు వేయించుకోవాలి. ఆ హోటల్ ఖర్చు ఓడ తప్పిపోతే అయ్యే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది.

లివోర్నోలో జరిగినదానిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కడెక్కడ దాగి ఉంటుందో ఆ ఒక్క రోజులోనే కనిపించింది. వోచర్‌లో “ఫ్లోరెన్స్ – అకాడెమియా గ్యాలరీలో డేవిడ్ శిల్పం, ప్రవేశ రుసుముతో సహా” అని ఉంది. ఓడ లివోర్నోలో ఆగింది సోమవారం నాడు. అకాడెమియా, ఉఫీజి గ్యాలరీలు రెండూ సోమవారాలు మూసి ఉంటాయి. ఇది గ్యాలరీ వెబ్‌సైట్ తెరిస్తే అర నిమిషంలో తెలిసే సంగతి, ఓడ ఏ రోజు ఎక్కడ ఆగుతుందన్నది నెలల ముందే ప్రకటించిన సంగతి. అయినా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండానే లేని ప్రవేశానికి డబ్బు తీసుకున్నారు. మైకెలాంజిలో చెక్కిన ఆ విగ్రహాన్ని చూడాలని మా నాన్నగారు ఎంతో ఆశపడ్డారు. పియాజా దెల్లా సిన్యోరియాలో ఉన్న నకలు చూపించి, “ఇదీ అదే” అని డ్రైవర్ ముందుకు నడిపించాడు.

ఆ తర్వాత మాకు కేటాయించిన సమయంలో మంచి భాగం ఒక తోలు వస్తువుల దుకాణంలో గడిచింది. కొనుగోళ్లు అక్కర్లేదని చెప్పినా వ్యాన్ అక్కడి నుంచి కదలలేదు. తిరుగు దారిలో ఎక్కాల్సింది ఫి-పి-లి అని పిలిచే రహదారి. ఫ్లోరెన్స్, పీసా, లివోర్నోలను కలిపే ఆ దారి మరమ్మతు పనులకు, వాటి వల్ల ఏర్పడే వాహనాల బారులకు స్థానికంగా బాగా పేరుపడింది. అందరూ ఆరు గంటలకల్లా ఓడలో ఉండాలి. మా వ్యాన్ ఐదు నలభైకి లివోర్నో ఊళ్లోకి వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఆ రేవు సరుకు ఓడలు, కంటైనర్లు తిరిగే చోటు కాబట్టి నడిచి లోపలికి వెళ్లనివ్వరు. ఓడ దగ్గరకు వెళ్లేందుకు ఈ వాహనానికి అనుమతి పత్రం లేదు. ఊళ్లో షటిల్ బస్సు ఆగే చోట మమ్మల్ని దించేసి డ్రైవర్ వెళ్లిపోయాడు. అమ్మగారిని చెరోవైపు పట్టుకుని షటిల్ ఎక్కించాము. మెట్ల దగ్గర నిలబడిన ఆఫీసరు మా కార్డులు స్కాన్ చేసి, రేడియోలో ఏదో చెప్పగానే మా వెనకే తాళ్లు విప్పడం మొదలైంది.

నేపుల్స్‌లో జరిగింది నష్టం పరంగా చిన్నదే అయినా ఏజెన్సీ తీరు ఎలాంటిదో అది చెబుతుంది. అక్కడ “పోర్ట్ నుంచి సిటీ సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్” అని తలకు ఇంత చొప్పున వసూలు చేశారు. నేపుల్స్‌లో క్రూజ్ ఓడలు ఆగే స్తాజియోనె మారిత్తిమా నగరం నడిబొడ్డునే ఉంటుంది, ఎదురుగా పియాజా మునిచీపియో, పక్కనే కాస్తెల్ నువోవో కోట, అక్కడే మెట్రో స్టేషన్. ఓడ దిగి రోడ్డు దాటితే నగరమే. పాంపేయి శిథిలాల ప్రవేశం కూడా కలిపే ఉందన్నారు, కానీ టికెట్లు మాకు ఎప్పుడూ పంపలేదు. 2024 నవంబరు నుంచి పాంపేయిలో రోజుకు 20,000 మందికే ప్రవేశం, టికెట్ మీద సందర్శకుడి పేరు ఉండాలి. మీ పేర్లు అడగకుండా “టికెట్ తీసేశాం” అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మదగినది కాదు. రోమ్‌లోని కొలోసియంకు కూడా పేరుతోనే టికెట్లు ఇస్తున్నారు. లివోర్నో అనుభవం తర్వాత మేము ఏజెన్సీ వోచర్ వదిలేసి ఓడలోని కౌంటర్‌లో వారి పాంపేయి ట్రిప్ కొనుక్కున్నాము. ధర ఎక్కువే, కానీ ఆ రోజు మాత్రం అమ్మగారు గడియారం చూసుకోకుండా తిరిగారు.

తిరిగి వచ్చాక ఏజెన్సీ ఇచ్చిన సమాధానం ప్రతి కొనుగోలుదారు తెలుసుకోవాల్సినది. ట్రాన్స్‌ఫర్లు, షోర్ ట్రిప్పులు “మూడో పక్షం సేవలు” అనీ, తాము మధ్యవర్తులం మాత్రమేననీ, తమ షరతుల్లో అది రాసి ఉందనీ అన్నారు. అయితే ఇన్‌వాయిస్‌లో మాత్రం ఒకే వరుస ఉంది: యూరప్ క్రూజ్ ప్యాకేజీ, దాని మీద విదేశీ టూర్ ప్యాకేజీకి వసూలు చేసే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి మన పేరున ప్రభుత్వానికి జమచేసే ఆదాయపు పన్ను). పన్ను తీసుకునేటప్పుడు మొత్తం ఒకే ప్యాకేజీ అయితే, బాధ్యత వచ్చేసరికి అది ముక్కలు ముక్కలు ఎలా అవుతుందన్నదే మా ఫిర్యాదులో ప్రధాన వాదన. టీసీఎస్ కట్టినవారు మరో పని కూడా చేయాలి: ఆ సొమ్ము మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ పన్ను జమల పట్టికలో చూసుకోవాలి. జమ అయితేనే రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోగలరు, లేదా తిరిగి పొందగలరు.

ఇప్పుడు కొనబోయేవారు అడ్వాన్స్ ఇచ్చిన రెండు మూడు రోజుల్లో క్రూజ్ కంపెనీ సొంత బుకింగ్ నంబరు తీసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో స్వయంగా చూసుకోవాలి. గది మీ పేరు మీద ఖరారైందా, ఎంత చెల్లించారు, ఇంకా ఎంత బాకీ, సిబ్బందికి రోజువారీ టిప్పుల మొత్తం కలిసిందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. ఏజెంటు “షిప్ ట్రిప్పులు” అని అమ్మినవి నిజంగా షిప్‌వే అయితే అవి కూడా అదే ఖాతాలో తేదీ, సమయంతో సహా కనబడతాయి. కనబడకపోతే అవి బయటివే, మరో వివరణ అక్కర్లేదు. బయటి ట్రిప్పులన్నీ చెడ్డవని నేను అనడం లేదు, తక్కువ మందితో, తక్కువ ధరలో చక్కగా తిప్పేవారు చాలామంది ఉన్నారు. కానీ ఆపరేటర్ పేరు, ఆ ఊళ్లో పనిచేసే ఫోన్ నంబరు, వాహనం ఓడ దగ్గరికి వస్తుందా లేక రేవు గేటు వరకేనా అన్నది, ఓడ తప్పితే తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు ఎవరిదన్నది రాతపూర్వకంగా ఇవ్వనివారి దగ్గర కొనకండి. మ్యూజియాల సెలవు రోజులు మీరే చూసుకోండి: ఫ్లోరెన్స్‌లో సోమవారం సంగతి చెప్పాను, వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి.

వీసా గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడా ఏజెంట్లు “ఏం ఫరవాలేదు” అనేస్తుంటారు. ఓడ మధ్యలో మాంటెనెగ్రోలోని కోటోర్‌కో, టర్కీలోని కుశాదాసికో వెళ్లి మళ్లీ ఇటలీకో గ్రీస్‌కో వస్తే షెంజెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం) దాటి తిరిగి ప్రవేశించినట్టే, కనుక ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా సరిపోదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు తల్లిదండ్రులను సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్‌కు తీసుకెళ్లేటప్పుడూ ఇలాంటి చిక్కే ఉంది: 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండాతో నడిచే ఆ ఓడలు దారిలో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి, అందుకే ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, భారత పాస్‌పోర్టు ఉన్న పెద్దవాళ్లకు సాధారణంగా కెనడా వీసా కావాలి.

ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. ఏజెన్సీ ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అవకాశం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వోచర్లు, వాట్సాప్ సందేశాలు, టాక్సీ రసీదు, ఓడలో రోజూ ఇచ్చే కాగితంలో రేవుల సమయాలున్న పేజీ, ఇవన్నీ దాచుకోండి. మాకు ఏజెన్సీ మొదట క్షమాపణతో పాటు వచ్చే యాత్రలో వాడుకునేలా ఒక క్రెడిట్ నోట్ ఇస్తామంది. దానికి జతచేసిన పత్రంలో, ఈ బుకింగ్‌కు సంబంధించి ఇక ఎలాంటి క్లెయిమూ చేయబోమని చివరి పేరాలో చిన్న అక్షరాలతో ఉంది. మేము సంతకం చేయలేదు. మీకూ అలాంటి పత్రం వస్తే సంతకం పెట్టకముందే ఆ పేరా చదవండి.